జరిమానా కడితే పిల్లర్ బలపడదు

అనుమతి లేకుండా వేసిన అంతస్తుకు నోటీసు రాగానే యజమాని అడిగే మొదటి ప్రశ్న ‘ఎంత కట్టాలి?’ అని. చాలాచోట్ల అధికారులు ఇచ్చే జవాబూ ఒక అంకెతో మొదలై ఆ అంకెతోనే ముగుస్తోంది. డబ్బు కట్టించుకుంటారు, రసీదు ఇస్తారు, ఫైలు మూసేస్తారు. ఆ అంతస్తును మోస్తున్న పిల్లర్లలో ఎన్ని ఊచలు ఉన్నాయో, పునాది ఎంత బరువుకు వేశారో ఎవరూ చూడరు. క్రమబద్ధీకరణ పేరిట జరిగే ఈ తంతును మేము వ్యతిరేకిస్తున్నాం. తనిఖీ చేయకుండా ఏ కట్టడాన్నీ క్రమబద్ధీకరించకూడదు.

టర్కీలో ఏం జరిగిందో చూడండి. అనుమతుల్లేని కట్టడాలకు 2018లో అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది. యజమాని తన కట్టడం వివరాలు తానే రాసిచ్చి రుసుము కడితే ధ్రువపత్రం చేతికొచ్చేది. భూకంపాన్ని తట్టుకోగలదా లేదా అన్న బాధ్యతను చట్టంలోనే యజమాని మీదకు నెట్టేశారు. 2023 ఫిబ్రవరి 6న 7.8 తీవ్రతతో భూమి కంపించింది. ఆ దేశంలో 50 వేల మందికి పైగా ప్రాణాలు పోయాయి. కూలినవన్నీ క్షమాభిక్ష పొందిన కట్టడాలేనని మేము అనడం లేదు. అన్ని అనుమతులూ ఉండి, నాసిరకం పనితనంతో కూలినవీ ఉన్నాయి. అయినా లక్షల కట్టడాల యజమానులు తమంతట తాము కార్యాలయం మెట్లెక్కినప్పుడు, ప్రతి ఇంటికీ ఒక ఇంజినీరును పంపే అవకాశాన్ని ఆ ప్రభుత్వం వదులుకుంది.

బంగ్లాదేశ్‌లోని రాణా ప్లాజా భవనం కూలడానికైతే భూకంపం కూడా అక్కర్లేకపోయింది. దాని పై అంతస్తులకు అనుమతి లేదు. దుకాణాలు, ఆఫీసుల కోసం కట్టిన భవనంలో కుట్టుమిషన్లు, భారీ జనరేటర్లు పెట్టారు. కూలడానికి ముందురోజే పిల్లర్లు బీటలు వారాయి. కింద ఉన్న బ్యాంకు తన సిబ్బందిని రావొద్దంది. పై అంతస్తుల్లోని కుట్టుపని కార్మికులను మాత్రం 2013 ఏప్రిల్ 24 ఉదయం బలవంతంగా పనిలోకి రప్పించారు. 1,100 మందికి పైగా చనిపోయారు. అదనపు అంతస్తు వేయాలన్న నిర్ణయంలో వాళ్లలో ఒక్కరికీ పాత్ర లేదు. అక్రమ కట్టడాన్ని యజమానికీ కార్యాలయానికీ మధ్య లెక్కగా చూడటం ఎంత తప్పో ఇంతకంటే చెప్పక్కర్లేదు.

అనుమతి తీసుకుని కట్టేవారికి దక్కే అసలు రక్షణ, కాంక్రీటు పోయకముందే మరో కన్ను పడటం. ఊచల మందం, వాటి మధ్య దూరం, పిల్లరూ బీమూ కలిసేచోట కట్టిన తీరు అప్పుడే కనిపిస్తాయి. పోసేశాక అవన్నీ లోపల ఉండిపోతాయి. కాబట్టి నోటీసు తర్వాత జరగాల్సిన పని దాగినదాన్ని మళ్లీ బయటకు తీయడమే. రీబార్ లొకేటర్‌ను పిల్లర్ మీద నడిపితే లోపలి ఊచలు ఎక్కడున్నాయో తెలుస్తుంది. కాంక్రీటులోంచి గుండ్రటి ముక్క కోసి ల్యాబ్‌లో పరీక్షిస్తే దాని బలం తేలుతుంది. పునాది పక్కన గొయ్యి తవ్వాలి, స్విచ్‌బోర్డులు విప్పి వైరింగూ ఎర్తింగూ చూడాలి. కొత్తగా రంగులేసిన గోడను పగలగొట్టాలంటే ఏ యజమానికైనా ప్రాణం ఉసూరుమంటుంది. ఖర్చూ అవుతుంది. ఆ ఇంట్లో నిద్రపోయే పిల్లల కోసం ఆ ఖర్చు భరించాల్సిందే.

అన్ని ఉల్లంఘనలనూ ఒకే గాటన కట్టొద్దు. బాల్కనీకి అద్దాలు బిగించడం, బరువు మోసే గోడను తీసేయడం ఒకటి కావు. గత యజమాని చేసిన పని సంగతి తెలియకుండా ఇల్లు కొన్నవారూ ఉంటారు. తమంతట తాము ముందుకొచ్చేవారికి జరిమానా తగ్గించాలి, సరిదిద్దుకోవడానికి గడువు ఇవ్వాలి. నోటీసంటేనే టెన్షన్ పడి దాచిపెట్టే పరిస్థితి కల్పిస్తే ప్రమాదం అలాగే ఉండిపోతుంది. యజమానులకూ మేము చెప్పేది ఉంది. నోటీసు అందాక పని ఆపండి. బీటల మీద ప్లాస్టరింగ్ చేయించకండి. గడువు దాటకముందే లైసెన్సున్న స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిపించండి.

బలపరచడానికి వీల్లేదని ఇంజినీర్లు తేల్చిన భాగాన్ని తొలగించక తప్పదు. అందులో అద్దెకుంటున్నవారికి ముందుగా తెలియజేసి, ఇంకోచోటు వెతుక్కోవడానికి సమయం ఇవ్వాలి. పిల్లర్లు లేపి, సెంట్రింగ్ కట్టి, స్లాబ్ పోయడానికి వారాలు పడుతుంది. అన్నాళ్లూ చూసీ చూడనట్టు ఊరుకున్న అధికారినీ, ప్లాన్ అడగకుండా పని ఒప్పుకున్న కాంట్రాక్టర్‌నూ వదిలేసి ఒక్క యజమానినే శిక్షిస్తే మరో వీధిలో ఇదే మొదలవుతుంది. ప్రతి తనిఖీ నివేదికనూ ఆస్తి రికార్డుకు జతచేయాలి. రేపు ఆ ఇంటిని కొనేవారూ, అద్దెకు దిగేవారూ అడిగిన వెంటనే అది వారి చేతికి అందాలి.