పాల పంచాయతీ

మా చెల్లెలు కొడుకును కని ఇవాళ్టికి 40 రోజులు. ఈ 40 రోజుల్లో తెనాలిలోని మా అమ్మావాళ్ళింటికి బిడ్డను చూడటానికి వచ్చినవాళ్ళు, గుమ్మం దగ్గర విడిచిన చెప్పుల లెక్కన, 80 మందికి తక్కువ ఉండరు. వాళ్ళలో ఉన్నవాళ్ళున్నారు, లేనివాళ్ళున్నారు, వైసీపీ వాళ్ళున్నారు, టీడీపీ వాళ్ళున్నారు, గోడ తగాదాతో మూడేళ్ళుగా మాటల్లేని తోడికోడళ్ళున్నారు. ఇంతమందినీ ఒక్క తాటి మీదకి తెచ్చిన ప్రశ్న మాత్రం ఒకటే.

"పాలు సరిపోతన్నయ్యా?"

రాష్ట్రంలో ఇంత ఐకమత్యం ఇంకే విషయంలోనూ లేదు కాబట్టి దీన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. ఇంతటి బృహత్కార్యాన్ని ఇన్నాళ్ళూ ఎవరికి తోచినట్టు వాళ్ళకి వదిలేయడమే మన తప్పు. జిల్లాకొక తల్లిపాల తనిఖీ సంఘం వేయాలి. సభ్యులకి గుర్తింపు కార్డు, దారి ఖర్చులు, ఇంటింటా చిక్కటి కాఫీ. అధ్యక్షురాలి పదవికి మా మేనత్త పేరు సూచిస్తున్నాను. అనుభవం ఉంది, గొంతు ఉంది, ఖాళీ ఉంది.

ఆ ప్రశ్నలో ఉన్న పనితనం కూడా మెచ్చుకోవాలి. ఏ జవాబు చెప్పినా నేరం రుజువైపోతుంది. సరిపోతున్నాయంటే, "మరి అట్లా గుక్కపట్టి ఏడుస్తాడేంది?" చాలట్లేదంటే, "నేను చూడంగానే అనుకున్నాలే." తెలియదంటే, "కన్నతల్లివి, నీకే తెలవకపోతే ఎట్టమ్మాయ్?" పిల్లాడు ఏడిస్తే ఆకలి. పడుకుంటే ఆకలితో నీరసం. వేలు చీకితే ఆకలి. ఊరికే కళ్ళు తెరిచి ఫ్యాను చూస్తుంటే, "చూశావా, పాపం, ఆశగా ఎట్టా చూస్తన్నాడో." ఫ్యానులో పాలేముంటాయని మా చెల్లెలు అడగబోయింది. నేను కళ్ళతోనే ఆపాను.

పదకొండో రోజు పురుడు వెళ్ళింది. పన్నెండో రోజు పంచాయతీ కూర్చుంది. ఆ మధ్యాహ్నం నేను గది గుమ్మం దగ్గరే ఉన్నాను కాబట్టి కార్యక్రమ వివరాలు యథాతథంగా ఇస్తున్నాను.

మంచం మీద బాలింత. చెవుల్లో దూది, తలకి గుడ్డ, నడుముకి కట్టు, కడుపు మీద కోత. మంచం చుట్టూ ఆరుగురు. గాలి తగలకూడదని ఫ్యాను ఆపేశారు. ఆరుగురి చేతుల్లోనూ విసనకర్రలున్నాయి, అవి వాళ్ళకోసం. మేనత్త బిడ్డను అందుకుని, బుగ్గ రెండు వేళ్ళతో నొక్కి, బెండకాయ లేతదో ముదురుదో చూసినట్టు చూసి, తీర్పు చెప్పింది.

"చిక్కిపోయాడు."

వాడు పుట్టి పన్నెండు రోజులు. ఆవిడ వాణ్ణి చూడటం అదే మొదటిసారి. ఎప్పటికంటే చిక్కిపోయాడో ఎవరూ అడగలేదు. పైగా దొడ్డమ్మ "అవును, ముఖం పీక్కుపోయింది" అని బలపరిచింది. తీర్మానం ఏకగ్రీవం.

ఇక విచారణ. ఎవరి కోడలికి ఎన్ని పాలు పడ్డాయో లెక్కలు బయటికొచ్చాయి. ఒకరి కోడలికి జాకెట్లు తడిసిపోయేవట. ఇంకొకరి కూతురు తన బిడ్డకి పట్టి, పక్కింటి బిడ్డకి కూడా పట్టిందట. మూడో ఆవిడ ఇంట్లో ఏకంగా ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తినంత పని అయిందట. మా చెల్లెలు తలొంచుకుని వింటోంది. వెల్లుల్లి కారం ఎక్కువ పెట్టమని ఒకరు, కారం వాసన చూపించొద్దని ఒకరు. బొప్పాయికాయ కూర ఒకరు, పాలసొర పులుసు ఒకరు, ఆ రెండూ వాతమని ఇంకొకరు. ఈలోగా డల్లాస్ నుంచి మా బాబాయి కూతురు వీడియో కాల్‌లో ప్రత్యక్షమై, అక్కడైతే పాలివ్వడం నేర్పడానికి ప్రత్యేకంగా మనిషి వస్తుందనీ, గంటకింత తీసుకుంటుందనీ చెప్పింది. "ఇక్కడ ఆరుగురం ఉత్తనే చెప్తన్నాం" అంది మేనత్త, ఫోను వంక జాలిగా చూస్తూ.

చివరికి అందరూ ఒక్కసారి మా చెల్లెలి వైపు తిరిగారు. "ఏదీ, మా ముందర పట్టు, చూద్దాం." ఏం చెప్పాలో దానికి పాలుపోలేదు. (ఆ మాటలోనూ పాలే, ఏం చేస్తాం.)

మాది పాడి ఉన్న ఇల్లు. మా నాన్న రెండు గేదెలతో మా ఇద్దరినీ చదివించాడు. పాలు పితికేవేళ కొత్త మనిషి కొట్టంలోకి వస్తే, వాడు ఎంత పెద్దమనిషి అయినా, "కాస్త అవతల నిలబడండి బాబూ, బెదిరితే చేపదు" అనేవాడు. గేదె చేపాలంటే, అంటే పాలు కిందికి వదలాలంటే, దాని ప్రాణం కుదుటపడాలి, దూడ పక్కన ఉండాలి, తెలిసిన చెయ్యి పడాలి. బెదిరిన గేదె పాలు ఎగబట్టేస్తుంది. పొదుగు నిండా ఉన్నా చుక్క రాలదు. ఇది మా ఊళ్ళో పలుపు పట్టుకున్న ప్రతివాడికీ తెలుసు. మనిషికీ అంతే. పాలను బయటికి తోసే హార్మోను భయానికీ నొప్పికీ సిగ్గుకీ వెనక్కి తగ్గుతుంది. బిడ్డ చీకినకొద్దీ పాలు ఊరతాయి, చీకనివ్వకపోతే తగ్గుతాయి. ఇందులో పెద్ద శాస్త్రమేమీ లేదు, కొట్టంలో చెప్పే పాఠమే. కానీ గేదె ముందు నిలబడటానికి జంకే మనుషులు బాలింత ముందు విసనకర్రతో ఆరుగురు కూర్చుంటారు. పాల కేంద్రంలో గేదె పాలకైతే వెన్న శాతం చూసి డబ్బులిస్తారు. ఇక్కడ ఏ మిషనూ పెట్టకుండానే మాటలిస్తారు.

నా తప్పు కూడా ఒప్పుకోవాలి. తొమ్మిదో రోజు రాత్రి, వాడు ఎంతకీ ఊరుకోకపోతే, నిద్రమత్తులో నేనూ అడిగాను దాన్ని. అదే ప్రశ్న, అవే మాటలు. అది నా వంక చూసిన చూపు ఇంకా నా మెడకి తగులుకునే ఉంది.

పంచాయతీ ముగిసేసరికి ఇంట్లోకి డబ్బా వచ్చింది. ఎవరు తెప్పించారో ఎవరూ చెప్పరు. పాలపొడి డబ్బా బల్లమీద ప్రత్యక్షమైంది, అంతే. అవసరమైన బిడ్డలుంటారు, డాక్టరు చెప్తే పట్టాల్సిందే, పట్టిన తల్లికి వంక పెట్టేవాళ్ళది ఇంకో పంచాయతీ. నేను చెప్పేది ఆ డబ్బా మీద రాసి ఉన్న దాని గురించి. మన దేశంలో 1992లో దీనికొక చట్టం చేశారు, 2003లో ఇంకాస్త బిగించారు. దాని ప్రకారం పాలపొడికి ప్రచారం చేయకూడదు, తల్లులకి ఉచితంగా పంచకూడదు, డబ్బా మీద బొద్దు పాపాయి బొమ్మ వేయకూడదు. పైగా తల్లిపాలే బిడ్డకు శ్రేష్ఠమని ఆ డబ్బా మీదే పెద్దక్షరాల్లో అచ్చు వేయాలి. అంటే అమ్ముకునేవాడు కూడా, చట్టానికి భయపడైనా, మా చెల్లెలి పక్షాన నాలుగు మాటలు రాశాడు. ఆ గదిలో దానికి దొరికిన ఏకైక మద్దతు ఆ రేకు డబ్బాదే.

పద్నాలుగో రోజు ఆశా వర్కరు వచ్చింది. కాన్పు ఆసుపత్రిలో అయినా సరే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆమె ఇంటికొచ్చి బిడ్డను చూడాలి. మనకి గుర్తుండదు కానీ ఆమె పుస్తకంలో ఉంటుంది. చెప్పులు విప్పి, చేతులు సబ్బుతో కడుక్కుని (80 మందిలో అడక్కుండా చేతులు కడుక్కున్న రెండో మనిషి) అడిగింది: "అక్కా, బాబు రోజుకి ఎన్నిసార్లు ఒంటికి పోస్తున్నాడు?"

మా చెల్లెలు వేళ్ళు మడిచింది. "ఏడు, ఎనిమిది."

"ఆరు దాటితే చాలు. పాలు అందుతున్నట్టే."

సంచీలోంచి వేలాడే తక్కెడ తీసి, గుడ్డలో పడుకోబెట్టి తూచింది. పుట్టినప్పుడు 2 కిలోల 900. ఇంటికొచ్చేటప్పుడు 2 కిలోల 700. ఇప్పుడు 3 కిలోల 50. మొదటి రోజుల్లో బిడ్డలు కాస్త తగ్గుతారనీ, రెండు వారాల్లోపు తిరిగి పుంజుకుంటారనీ, వీడు పుంజుకుని దాటేశాడనీ చెప్పింది. మొత్తం పది నిమిషాలు. పన్నెండో రోజు నుంచి నడుస్తున్న కేసు కొట్టేశారు.

మేనత్త మాత్రం వెనక్కి తగ్గలేదు. "ఆ తక్కెడ సరిగ్గా చూపిచ్చదేమో" అంది.

ఇంతవరకూ నవ్వుతూనే రాశాను. ఇక్కణ్ణుంచి నాకు నవ్వు రావట్లేదు.

పాల సంగతి 80 మంది అడిగారు. "నువ్వు ఎప్పుడు పడుకున్నావ్?" అని ఎంతమంది అడిగారు? "కుట్లు నొప్పిగా ఉన్నాయా?" అని? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 61 కాన్పులు, ఆంధ్రలో 42 కాన్పులు కోత పెట్టి చేసినవే. పొట్ట కోసిన మనిషి అది. ఇంకే ఆపరేషన్ అయినా పేషెంటు అంటాం, ఆపిల్ పళ్ళు తెస్తాం, గొంతు తగ్గించి మాట్లాడతాం. దీన్ని మాత్రం బాలింత అని, పక్కకి జరిగి కూర్చోవడానికి చోటివ్వమంటాం. పైగా నీళ్ళు తాగనివ్వరు. కుట్లకి చీము పడుతుందట, పొట్ట జారుతుందట. తెనాలి ఎండలో, ఫ్యాను ఆపేసిన గదిలో, రోజంతా పాలిచ్చే మనిషికి రెండు గ్లాసుల నీళ్ళు, అవీ కాచి. చీము నీళ్ళ వల్ల పట్టదు. ఇది నూరుసార్లు చెప్పాను. ఆఖరికి సీసా దిండు కింద దాచి, ఎవరూ లేనప్పుడు తాగింది మా చెల్లెలు. 28 ఏళ్ళ మనిషి, బ్యాంకులో లక్షల లెక్క చూసే మనిషి, సొంతింట్లో నీళ్ళు దొంగతనంగా తాగింది.

అది ఏడిస్తే "బిడ్డకి పాలు విరిగిపోతాయి, ఏడవకు" అన్నారు. దానికి కూడా పాలే.

ఆరేళ్ళ కిందట నాకు పెద్దది పుట్టినప్పుడు మూడో వారంలో నేను స్నానాల గదిలో గడియ పెట్టుకుని, తడి నేల మీద కూర్చుని, బకెట్‌లో నీళ్ళు పడుతున్న చప్పుడు కింద ఏడ్చేదాన్ని. ఎందుకో నాకే తెలియదు. గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టారు. కాన్పు తర్వాత రెండు వారాలు దాటినా ఆ దిగులు తగ్గకపోతే డాక్టరుకి చూపించాలని ఇంట్లో నాకెవరూ చెప్పలేదు. ఇప్పుడైతే 14416 అని ప్రభుత్వమే 2022లో ఒక నంబరు పెట్టింది, ఫోను చేస్తే తెలుగులో మాట్లాడతారు. అప్పుడు నాకున్నది తాయెత్తే.

ఇంకొకటి ఉంది. ఆసుపత్రిలో మా గదిలో మూడు మంచాలు. నాకటువైపు రేపల్లె అమ్మాయి, ఇటువైపు మంగళగిరి అమ్మాయి. ముగ్గురికీ ఒకే రోజు కాన్పు. వచ్చేసేముందు నంబర్లు ఇచ్చిపుచ్చుకుని వాట్సాప్‌లో "మూడు మంచాలు" అని పేరు పెట్టుకున్నాం. ఒక రాత్రి 2:40కి రేపల్లె అమ్మాయి పంపింది: "పడుకున్నావా?" నేను: "పడుకుంటానా?" మంగళగిరి అమ్మాయి: "మావాడు నాలుగోసారి." కాసేపు ఎవరూ ఏమీ రాయలేదు. తర్వాత నేను స్నానాల గది సంగతి రాశాను. ఎవరికీ చెప్పనిది. ఇద్దరి దగ్గర్నుంచీ ఒకే జవాబు, నిమిషం తేడాలో.

"నాక్కూడా."

మందులేదు, పథ్యంలేదు, సలహాలేదు. ఆ ఒక్క మాటతో ఆ రాత్రి గడిచింది. మర్నాడు రేపల్లె అమ్మాయే నన్ను పోరుపెట్టి డాక్టరు దగ్గరికి పంపింది. నా మొగుడూ మంచివాడే, నాలుగు నిమిషాలు బిడ్డను ఎత్తుకుంటే చూసినవాళ్ళంతా "ఎంత బాగా ఎత్తుకున్నాడో" అని దిష్టి తీశారు. రాత్రి 2:40కి మాత్రం లేచి లేడు.

ఇప్పుడు మా చెల్లెలికి ఆ పని ఎదురింటి అమ్మాయి చేస్తోంది. చేతులు కడుక్కున్న మొదటి మనిషి ఆమే. ఆమె బిడ్డకి ఏడో నెల. రోజూ మధ్యాహ్నం తన పిల్లను చంకనేసుకుని వస్తుంది. ఏమీ అడగదు. కాఫీ ఇవ్వబోతే, "మీరు కూర్చోండి పెద్దమ్మా" అని తనే వెళ్ళి సింకులో ఉన్న పదకొండు కప్పులూ కడిగి బోర్లిస్తుంది. "వాణ్ణి ఇటివ్వు వదినా, నువ్వు పోయి పడుకో" అంటుంది. వాడు ఏడిస్తే భుజాన వేసుకుని వరండాలో అటూ ఇటూ తిరుగుతుంది. వాడు ఆమె చీర మీద కక్కితే, "ఇంకో చీర ఉందిలేరా" అంటుంది వాడితోనే.

ఇవాళ కూడా వచ్చింది. రెండింటికి మా చెల్లెలు పడుకుంది, ఫ్యాను వేసుకుని. నేను గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మూడున్నరకి గేటు చప్పుడైంది. బాపట్ల పిన్ని, చేతిలో బత్తాయిల సంచీ, గొంతు కాస్త తగ్గించి, కళ్ళు కాస్త పెద్దవి చేసి.

"ఏందమ్మాయ్, పాలు సరిపోతన్నయ్యా?"

"పిల్లాడికి సరిపోతున్నాయి పిన్నీ" అన్నాను, కుర్చీలోంచి లేవకుండా. "కాఫీకే లేవు."