గిలాబు (గోడ ప్లాస్టరు) చెక్కి చూడకుండా పాత ఇంటికి రేటు కట్టకండి

పాత ఇంటి మరమ్మతుకు పిలిస్తే, గోడల పొడవు వెడల్పులు టేపుతో కొలిచి, అరగంటలో గుత్త రేటు చెప్పి, అడ్వాన్సు తీసుకొని వెళ్లే పద్ధతిని నేను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. పాలమూరు, నల్లగొండ పల్లెల్లోని పాత ఇళ్ల అసలు స్థితి పైకి కనిపించదు.

మా వనపర్తి వైపు మట్టి మిద్దెలనే తీసుకోండి. దూలాల మీద వాసాలు, వాటిపైన కట్టె, మట్టి, ఆపైన నీరు దిగకుండా చౌడు (ఉప్పు మట్టి) పరిచేవారు. మిద్దె ఉరిసి నీరు కారినప్పుడల్లా పాతది తీయకుండానే కొత్త పొర వేయడంతో మిద్దె మందం పెరిగి, ఆ బరువంతా మొదటి దూలాల మీదే పడుతుంది. దూలం నడుమ భాగం రంగుతో నిగనిగలాడుతుంది గానీ, గోడలో దూరిన కొస తేమకు చివికి, చెదలు తిని ఉంటుంది. మా మేనత్త ఇంట్లో ఆ కొస చుట్టూ గోడను చెక్కించి స్క్రూడ్రైవరు గుచ్చితే పిడి దాకా దిగిపోయింది. ఆ దూలం కిందే ఇంటిల్లిపాదీ ఏళ్ల తరబడి పడుకున్నారు. 2024 జూలై మొదట్లో నాగర్‌కర్నూల్ మండలం వనపట్లలో మట్టి మిద్దె కూలి ఒక తల్లి, ముగ్గురు పిల్లలు ప్రాణాలు కోల్పోయారు.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది మట్టి గోడకు, మట్టితో కట్టిన రాతి గోడకు సిమెంటు గిలాబు చేయడం. మట్టి, సున్నం గోడలు నేల నుంచి పీల్చిన తేమను తిరిగి గాలికి వదులుతాయి. సిమెంటు ఆ దారిని మూసేస్తుంది. లోపల మట్టి మెత్తబడి, రెండు రాతి వరుసల నడుమ నింపిన రాళ్లూ మట్టీ కిందికి జారి గోడ ఉబ్బుతున్నా, పుట్టీ, పెయింటు చాటున అది కొత్తదిలాగే ఉంటుంది. దాని బలం చూడకుండానే అయిదంగుళాల స్లాబు, అంటే చదరపు మీటరుకు 300 కిలోలకు పైగా బరువు, మోపడానికి ఒప్పందం కుదిరిపోతుంది.

నేల కిందా ఇదే తంతు. షాబాదు బండలు లేపితే ఒకప్పుడు జొన్నలు దాచిన పాతర బయటపడవచ్చు. చెత్తా మట్టీ పోసి పూడ్చిన ఆ గుంత మీద పిల్లరు పడితే కుంగక మానదు. అది ఎక్కడుందో ఇంట్లోని పెద్దమనుషులకు తరచూ తెలిసే ఉంటుంది, అడిగేవారే ఉండరు.

కాబట్టి పరిశీలనకు వేరుగా డబ్బు కేటాయించండి. ప్రతి గదిలో గిలాబును లోపలి గోడ కనిపించేదాకా ఒకచోట చెక్కించి, దూలాల కొసలన్నీ తెరిపించి, మూలల్లో పునాది దాకా తవ్వించి, ఇంజనీరు చూసిన తరువాతే రేటు మాట్లాడండి. ఆ చెక్కడానికి ముందే దూలాల కింద ఊతకర్రలు నిలబెట్టించండి. అవి లేకుండా ఎవరినీ గోడ ముట్టనివ్వకండి.