మహారాజశ్రీ మల్టిప్లయర్ గారికి

మహారాజశ్రీ మల్టిప్లయర్ గారి దివ్య సముఖమునకు,

విశాఖ, గాజువాక నుంచి ఒక సామాన్యుడు నమస్కరించి రాయునది. రోడ్డు ప్రమాదంలో పోయినవాడి ఏడాది సంపాదనను, వాడి వయసును బట్టి, ఎంతతో హెచ్చించి పరిహారం కట్టాలో చెప్పే అంకె తమరే కదా. 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు తమరి పట్టికను ఖాయం చేసింది. అంతకుముందు మనిషి పోతే, పరిహారం తేల్చే ఒక్కో ట్రిబ్యునల్ ఒక్కో లెక్క కట్టేది. తమరొచ్చాక ఆ గందరగోళం తగ్గింది, కాదనను. వయసు చెబితే చాలు: పాతికేళ్ల కుర్రాడికి 18, 32 ఏళ్లవాడికి 16, 65 దాటితే 5. నలభైకి పోతే 15, నలభై ఒకటికి పోతే 14. చావడంలో ఆలస్యానికి ఫైన్ అన్నమాట!

ఇంత నిక్కచ్చి మనిషి, దేన్ని హెచ్చిస్తున్నారో మాత్రం ఎప్పుడూ అడగరేం? ఫిషింగ్ హార్బర్ నుంచి బోటు మీద వేటకెళ్లే కుర్రాడికి జీతం ఉండదు, వాటా ఉంటుంది. పడితే డబ్బు, పడకపోతే లేదు. వాడు హైవే మీద లారీ కింద పడితే, ఇన్సూరెన్స్ లాయరు గారు వాళ్లమ్మని బోనెక్కించి అడిగేది ఒకటే: "మీ అబ్బాయి సంపాదనకు కాగితం ఉందా?" ఉండదు. అప్పుడు ట్రిబ్యునల్ ఏదో ఒక అంకె ఊహించుకుంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలలూ కొట్టేయమని రేపెవరైనా వాదించినా నేను ఆశ్చర్యపోను.

పైగా పెళ్లి కాలేదుగా, సగం తన మీదే ఖర్చు పెట్టుకునేవాడని కోత. ఇల్లు నడిపిందే వాడని వాళ్లమ్మ మొత్తుకుని రుజువు చేసుకుంటే తప్ప ఆ కోత తగ్గదు. నెలకు 15 వేలనే అంకె వేసుకుందాం. ఏడాదికి 1,80,000. నలభై లోపువాడు, సొంత సంపాదన, కాబట్టి భవిష్యత్తులో పెరగబోయే సంపాదన కింద 40 శాతం కలిపితే 2,52,000. సగం పోగా 1,26,000. పాతికేళ్లవాడైతే, తమరి 18తో హెచ్చిస్తే 22,68,000. పర్మినెంటు ఉద్యోగైతే ఆ 40 కాస్తా 50 అయ్యేది. సముద్రం అపాయింట్‌మెంట్ ఆర్డరు ఇవ్వదు మరి.

తమరి కొలువులోనే ఇంకో విడ్డూరం. కుటుంబం పోగొట్టుకున్న ఆప్యాయతకు 2017లో సుప్రీంకోర్టు ప్రణయ్ సేథీ కేసు తీర్పు 40 వేలు కట్టింది, మూడేళ్లకోసారి పది శాతం పెంచమంది. ప్రేమకు కూడా డీఏ!

నా మనవి చిన్నది. వయసుకు పట్టిక ఉన్నట్టే బోటు వాటాకీ, ఆటో సంపాదనకీ, పూర్ణా మార్కెట్‌లో బుట్ట పెట్టి అమ్ముకునే ఆవిడ రాబడికీ ఒక పట్టిక వేయించండి. ఇన్సూరెన్స్ లాయరు గారు కాగితం కావాలని పట్టుబడితే, ముందు ఆయన పేస్లిప్పు చూపించమనండి. ఆయనకీ ఉండదు.

ఇట్లు,
తమ విధేయుడు, పేస్లిప్పు లేనివాడు