అత్తగారి మోకాళ్లు, అక్కాతమ్ముళ్ల తగువు

మా అత్తగారికి 66 ఏళ్లు, తెనాలిలో ఒక్కరే ఉంటారు. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. పోయిన నెల చూసిన డాక్టరు రెండూ ఒకేసారి మార్చేద్దాం అన్నాడు. నిన్న రాత్రి భోజనాలయ్యాక మా ఆవిడా, మా బావమరిదీ దీనిమీదే పట్టుకున్నారు. నేను ఎవరి వైపు మాట్లాడినా ప్రమాదమే కాబట్టి మజ్జిగ తాగుతూ విన్నాను. గుర్తున్నంతవరకు ఇదీ సంగతి.

తమ్ముడు: అక్కా, ముందు ఈ ఎక్స్‌రే లైటుకి పెట్టి చూడు. లోపలి వైపు రెండెముకలూ రాసుకుంటున్నాయి, బయటి వైపు మాత్రం సందు మిగిలింది. కాళ్లు దొడ్డికాళ్లయింది అందుకే. ఎముకల మధ్య మెత్తగా ఉండే గుజ్జుకి రక్తం సరఫరా ఉండదు, ఒకసారి పోతే మళ్లీ రాదు. ఇంకా దేనికి ఆగడం?

అక్క: ఆపరేషన్ ఎక్స్‌రేకి కాదురా, అమ్మకి. ఫిల్ములో బాగా అరిగినట్టు కనిపించినా తిరుమల మెట్లెక్కేవాళ్లున్నారు, కొంచెం అరిగితేనే మంచం దిగలేనివాళ్లూ ఉన్నారు. అమ్మకి తొడ కండలో బలం లేదు, 74 కిలోల బరువుంది. ఒక్క కిలో తగ్గినా అడుగేసిన ప్రతిసారీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందట. అది ఒక్కరోజైనా ప్రయత్నించామా? క్యాల్షియం బిళ్లలు మాత్రం డబ్బాలు డబ్బాలు మింగించాం. గుల్లబారిన ఎముకకి పనికొస్తాయేమో గానీ అరిగిన గుజ్జుకి అవేం చేస్తాయి?

తమ్ముడు: నడిస్తే బరువు తగ్గుతుంది సరే, నొప్పి ఉంటే నడిచేదెలా? నువ్వు ఫోన్‌లో చూస్తున్నావు, నేను అక్కడ చూశాను. కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించి, "రామా" అని లేచి, అడుగేయకుండా అలాగే నిలబడుతుంది. నొప్పి సర్దుకున్నాకే కదులుతుంది. బాత్రూంలో మధ్యలో కంత ఉన్న ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుంది. అది నీకు చెప్పిందా?

(చెప్పలేదు. ఆ కుర్చీ కొనిచ్చింది నేనే. మాట్లాడకుండా మజ్జిగ తాగాను.)

అక్క: సరే, చేయించాం అనుకో. మార్పించుకున్న ప్రతి ఐదుగురిలో ఒకరు దాకా పూర్తిగా తృప్తి పడటం లేదని వైద్యులే రాస్తున్నారు. అమ్మకి షుగరుంది, ఇన్‌ఫెక్షన్ వస్తే పెట్టినదంతా తీసి మళ్లీ చేయాలి. తర్వాత నేల మీద కూర్చుని పూజ చేసుకోవడం కష్టమే. 2002లో హ్యూస్టన్‌లో ఒక పరీక్ష చేశారు, కొందరికి నిజంగా ఆపరేషన్ చేసి, కొందరికి ఉత్తినే చర్మం మీద గాటు పెట్టి కుట్టేశారు. రెండేళ్లయినా ఇద్దరి నొప్పిలో తేడా లేదు!

తమ్ముడు: అదిగో, అక్కడే కలిపేస్తున్నావు. అది కీలులోకి గొట్టం పెట్టి లోపల కడగడం, గరుకు గీకడం. అరుగుదలకి అది దండగని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటారు, ఎవరైనా అదే చేస్తానంటే నేనే అమ్మని లేపి తీసుకొచ్చేస్తాను. ఇది వేరు. ఎముకల చివర్లు పలచగా కోసి, పైదానికి లోహపు తొడుగు, కిందదానికి లోహపు పళ్లెం, మధ్యలో గట్టి ప్లాస్టిక్ దిమ్మ. ఈ రకం మోకాళ్లు నూటికి ఎనభైకి పైగా పాతికేళ్లు నిలుస్తాయని 2019లో లెక్క తేలింది. ఖర్చంటావా, 2017 ఆగస్టులో కేంద్రం ఈ మోకాలి భాగాలకి ధర కట్టేసింది, లక్షన్నర దాటి అమ్మిన కోబాల్ట్ క్రోమియం లోహపు రకం పన్ను కాక 54,720కి దిగింది.

అక్క: వస్తువు ధర కట్టారు, ప్యాకేజీ ధర కట్టలేదుగా. రూమ్, రోబో, అదీ ఇదీ. రోబోతో కోత కచ్చితంగా పడుతుందట, బాగుంది, కానీ నొప్పి తగ్గడంలో పెద్ద తేడా ఇంకా తేలలేదు. అయినా ఆపరేషన్ తర్వాత ఫిజియో చేయించేది ఆ తొడ కండ వ్యాయామమేగా? అదే ముందు మూడు నెలలు చేయిద్దాం. పక్కింటావిడ పుత్తూరు నూనె రాయమంటే నువ్వే నవ్వావు, నేను అంత దూరం పోవడం లేదు.

తమ్ముడు: పుత్తూరు కట్టు విరిగిన ఎముకకి, అరిగిన కీలుకి కాదు, నవ్వింది అందుకు. నీ మూడు నెలల్లో అమ్మ ఏం మింగుతుందో తెలుసా? రోజూ నొప్పి మాత్ర, ఒక్కోసారి రెండు. షుగరున్న మనిషి కిడ్నీలకి అవి మంచివా? మోకాలు ఇంకా బిగుసుకుపోయాక చేయిస్తే ఆ తర్వాత కూడా సరిగ్గా మడవదు.

అక్క: ...మాత్రలు రోజూ వేసుకుంటోందా? నాతో ఎప్పుడో ఒకటి అంది.

తమ్ముడు: నీతో అలాగే అంటుంది. నేనున్న రెండు రాత్రులూ మూడింటికి లేచి మంచం అంచున కూర్చుని కాలు నొక్కుకుంటోంది. లైటు వేస్తే "దాహం వేసిందిరా" అంది.

(ఇక్కడ చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా ఆవిడ ఎక్స్‌రే కవర్లో పెట్టింది, మళ్లీ తీసింది.)

అక్క: ఏ కాలు?

తమ్ముడు: ఎడమది. కుడిది ఇంకా కొంచెం నయం.

అక్క: అయితే ఎడమదొక్కటే. రెండూ ఒకేసారి అంటే ఆ వయసులో, ఆ షుగరుతో నేను ఒప్పుకోను. ఈలోపు గత మూడు నెలల చక్కెర సగటు చెప్పే రక్తపరీక్ష చేయించి, అది దిగాకే డేట్. కుడి కాలికి నేను చెప్పిన వ్యాయామం.

తమ్ముడు: ఆ వ్యాయామం నువ్వొచ్చి చేయించు మరి. నా మాట వినదు.

అక్క: వస్తాను. మజ్జిగ తాగడం అయిపోతే, ఆ కుర్చీ ఎప్పుడు కొన్నారో ఈయన్ని అడగాలి.