160 హత్యలట, ఒక్క కేసూ లేదు

కొన్ని నెలలకోసారి నా ఫోన్‌కి తిరిగొచ్చే పోస్టు ఒకటుంది. "ఇది కథ కాదు, నిజంగా జరిగింది" అని మొదలవుతుంది. లండన్ ఫ్లీట్ స్ట్రీట్‌లో స్వీనీ టాడ్ అనే బార్బర్ 160 మందిని చంపాడట. తన భార్య మీద కన్నేసిన జడ్జి మీద పగతో రేజర్ ఎత్తాడట. చచ్చినవాళ్ళ మాంసాన్ని మిసెస్ లవెట్ అనే ఆవిడ 'పై'లలో కూరి అమ్మేదట (పై అంటే మన ఎగ్ పఫ్‌కి పెద్దన్న అనుకోండి). 1802లో ఉరి తీశారట. చివర్లో, సినిమాలో టాడ్ వేషం వేసిన జానీ డెప్ ఫొటో. అందులో నిజమైనది ఆ ఫొటో ఒక్కటే.

ముందు ఆ ఉరి సంగతి. 160 హత్యలు, 1801 డిసెంబర్‌లో విచారణ, 1802 జనవరి 25న ఉరి అనే వివరాలన్నీ ప్రచారంలోకి తెచ్చింది పీటర్ హైనింగ్ అనే రచయిత, 1979, 1993లలో వచ్చిన తన పుస్తకాలతో. ఆయన చెప్పిన ఆధారాల కోసం వెతికినవాళ్ళకి అవి దొరకలేదు. లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టు విచారణల నివేదికలు 1674 నుంచి 1913 దాకా ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి, ఎవరైనా వెతుక్కోవచ్చు. జేబురుమాలు కొట్టేసినవాడి కేసు కూడా అందులో కనిపిస్తుంది. 160 మందిని చంపినవాడి కేసు మాత్రం కనిపించదు.

నాకు అన్నిటికన్నా సరదాగా అనిపించేది ఆ పగ. టాడ్ మొదట కనిపించింది 1846 నవంబర్ 21న, ఎడ్వర్డ్ లాయిడ్ నడిపిన వారపత్రికలో, 'ది స్ట్రింగ్ ఆఫ్ పర్ల్స్' అనే సీరియల్‌లో. రాసిందెవరో పత్రిక చెప్పలేదు. జేమ్స్ మాల్కం రైమర్ అని కొందరు, థామస్ పెకెట్ ప్రెస్ట్ అని కొందరు ఇప్పటికీ వాదించుకుంటారు. అందులో టాడ్‌కి పోగొట్టుకున్న భార్యా లేదు, పగబట్టాల్సిన జడ్జీ లేడు. ఉన్నది డబ్బు మీద ఆశ. జుట్టు దట్టమైన ముళ్ళకంచెలా ఉంటుంది. దువ్వెనలన్నీ అందులోనే దాచుకుంటాడని, కత్తెరలు కూడా అక్కడే ఉంటాయని జనం అనుకుంటారు. థార్న్‌హిల్ అనే నావికుడు ముత్యాల హారం వెంటపెట్టుకుని, గడ్డం గీయించుకోడానికి లోపలికి వెళ్తాడు, ఇక బయటికి రాడు. అతని కుక్క హెక్టర్ యజమాని టోపీ పట్టుకుని ఆ షాపు గుమ్మం వదలదు. మనిషిని పడగొట్టేది కూడా రేజర్ కాదు, కుర్చీ. మీట నొక్కితే కూర్చున్నవాడితో సహా తిరగబడి నేలమాళిగలోకి పడేస్తుంది.

మరి ఆ భార్య, ఆ జడ్జి ఎక్కణ్ణుంచి వచ్చారు? 1970లలో క్రిస్టఫర్ బాండ్ తన నాటకంలో పెట్టాడు. దాన్నే 1979లో స్టీఫెన్ సోండ్‌హైమ్ అమెరికాలో బ్రాడ్వే మ్యూజికల్ (పాటలతో నడిచే నాటకం) చేశాడు, 2007లో టిమ్ బర్టన్ సినిమా తీశాడు. అంటే 1802లో ఉరికెక్కినవాడు హత్యలు చేసిన కారణం 170 ఏళ్ళ తర్వాత పుట్టింది!

"అప్పటి నాటకం పోస్టర్ మీదే నిజ సంఘటనల ఆధారంగా అని ఉంది కదా" అంటారు. ఉంది. జార్జ్ డిబ్డిన్ పిట్ నాటకం 1847 మార్చి 1న లండన్ హాక్స్‌టన్‌లోని బ్రిటానియా అనే నాటకశాలలో మొదలైంది. సీరియల్ ముగిసింది మార్చి 20న. పత్రికలో ఆఖరి భాగం పడకముందే స్టేజీ ఎక్కించిన నాటకానికి టికెట్లు తెగాలి మరి. సినిమా పోస్టర్లు చూస్తూ పెరిగిన మనకి ఈ కిటుకు కొత్తేం కాదు.

నిప్పు లేనిదే పొగ రాదంటారు ఇంకొందరు. ఆ పొగ టాడ్ కంటే పాతది. 1843-44లో వచ్చిన 'మార్టిన్ చజిల్‌విట్' నవలలోనే రచయిత డికెన్స్, లండన్‌లో మనుషుల్ని పైలుగా చేసి అమ్ముతారని పల్లెల్లో చెప్పుకునే కథల మీద ఓ చురక వేశాడు. పారిస్ బార్బర్, అతని పక్కన పై దుకాణం అనే కథ కూడా 1820లలోనే ఇంగ్లిష్ పత్రికలో అచ్చయింది.

ఇక మిగిలింది కథలో వచ్చే చర్చి. టాడ్ షాపు పక్కనున్న సెయింట్ డన్‌స్టన్స్ నిజమే. కాకపోతే పాత కట్టడం పడగొట్టి 1830లలో మళ్ళీ కట్టారు. కథ మొదటి వాక్యంలో వచ్చే, ఆ చర్చిలో గంటలు కొట్టే రెండు బొమ్మలు కూడా నిజమే. సీరియల్ రాసేనాటికి అవి రీజెంట్స్ పార్క్‌లో ఒక దొర బంగళాకి వెళ్ళిపోయాయి. 1935లో చర్చికి తిరిగొచ్చి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.