బ్రాన్ కోట డ్రాకులా సొత్తు కాదు

రుమేనియాలోని బ్రాన్ కోట ఫొటోతో ఒక సందేశం చాలాకాలంగా చేతులు మారుతోంది. శత్రువులను కొరత వేయించిన, అంటే పదునైన గుంజలకు గుచ్చి చంపించిన, డ్రాకులా అనే మారుపేరున్న వ్లాద్ అనే రాజు ఆ కోటను కట్టించి అక్కడినుంచే ఏలాడనీ, ఐరిష్ రచయిత బ్రామ్ స్టోకర్ దాన్ని చూసే రక్తం తాగే పిశాచి కథైన ‘డ్రాకులా’ నవల రాశాడనీ, నేటికీ అది ఆ రాజు వంశీకుల చేతిలోనే ఉందనీ దాని సారాంశం. ఈ మూడింటిలో ఏదీ నిలవదు.

హంగరీ రాజు మొదటి లాయొష్ 1377లో బ్రషోవ్ నగరంలోని సాక్సన్లకు, అంటే అక్కడ స్థిరపడిన జర్మన్ జాతివారికి, సొంత ఖర్చుతో ఈ రాతి కోట కట్టుకోవడానికి అనుమతి ఇచ్చాడు. వ్లాద్ పుట్టింది 1431 ప్రాంతంలో. అప్పట్లో హంగరీ ఏలుబడిలో ఉన్న ట్రాన్సిల్వేనియా నుంచి దక్షిణాన ఉన్న వలాకియా రాజ్యానికి దిగే కనుమ మీద సరిహద్దు కాపలాకూ, సరుకులపై సుంకం వసూలుకూ ఉపయోగపడిన కోట ఇది. వ్లాద్ ఏలినది కనుమకు అవతలి వలాకియాను. వర్తకపు తగాదాలు ముదిరి బ్రషోవ్ పరిసరాలపై దండెత్తి, అక్కడివారిని కొరత వేయించిన పగవాడు ఆయన. ఆయన తాత మిర్చ్యాకు హంగరీ రాజు సిగిస్మండ్ బ్రాన్‌ను కొంతకాలం అప్పగించిన మాట నిజమే గానీ, ఆ అధికారం మనవడి దాకా రాలేదు. 1462లో నాటి హంగరీ రాజు మాథియాస్ కొర్వినస్ మనుషులు వ్లాద్‌ను బంధించినప్పుడు కొన్నాళ్లు బ్రాన్‌లోనే ఉంచారని వాదించేవారున్నారు. అదే నిజమనుకున్నా, ఖైదీని యజమాని అనలేం కదా! ఆయనది అని చెప్పదగిన కోట కావాలంటే ఆర్జెష్ నది పైనున్న పొయెనారి ఉంది. అది శిథిలమైపోయింది, ఫొటోకు అంత అందంగా రాదు.

స్టోకర్ రుమేనియాలో అడుగే పెట్టలేదు. డ్రాకులా అనే పేరు ఆయనకు 1890లో ఇంగ్లండులోని విట్‌బీ గ్రంథాలయంలో, వలాకియా, మొల్దావియాల గురించి విలియం విల్కిన్సన్ రాసిన పుస్తకంలో దొరికింది. 1897లో వెలువడిన నవలలోని కోట బోర్గో కనుమ దగ్గర, ట్రాన్సిల్వేనియాకు ఈశాన్యాన ఉంటుంది. బ్రాన్ ఉన్నది ఆగ్నేయాన.

ఇక వంశీకుల మాట. బ్రషోవ్ నగరపాలకులు 1920లో ఈ కోటను, విక్టోరియా రాణి మనవరాలైన రుమేనియా రాణి మరియాకు కానుకగా ఇచ్చారు. ఆమె వాస్తుశిల్పి కారెల్ లీమన్ చేత బాగుచేయించి, వేసవి విడిదిగా వాడుకుంది. 1938లో ఆమె మరణించాక కోట కూతురు ఇలియానాకు దక్కింది. 1948లో కమ్యూనిస్టు ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకుంది. 2006లో రుమేనియా ప్రభుత్వం తిరిగి అప్పగించింది ఇలియానా పిల్లలకే. వారి హక్కుకు మూలం 1920 నాటి ఆ కానుకే.