చేతులు చూశాడు, ఏం పని చేస్తావని అడగలేదు

నూట నలభై రూపాయల ట్యూబు. మందుల షాపు కుర్రాడు దాన్ని కౌంటర్ మీద పడేసి, "రెండు పూటలా రాయమనండి, తగ్గకపోతే ఇంకోటి పట్టుకెళ్లండి" అన్నాడు. మా మేనత్త రెండు చేతులూ ఆ గాజు బల్ల మీద పెట్టి నిలబడి ఉంది. వేళ్ల సందుల్లో తోలు పొరలు పొరలుగా లేచిపోయింది. బొటనవేలి మొదట్లో నెర్రె విచ్చి లోపల ఎర్రగా కనిపిస్తోంది. అతను ఒక్కసారి తలొంచి చూశాడు, అంతే. "నీరసంగా కూడా ఉంటోంది బాబూ, మెట్లెక్కలేకపోతున్నాను" అని అత్త అంటే, "వయసొచ్చాక మామూలే అమ్మా" అని నవ్వి బలం టానిక్ సీసా చూపించాడు.

అత్తకి 52 ఏళ్లు. పోయినేడు వరకూ బియ్యం బస్తా నెత్తిన పెట్టుకుని మా మేడ మెట్లెక్కిన మనిషి. ఇప్పుడు సగం మెట్లెక్కి కూర్చుండిపోతోంది. దీన్ని వయసు అంటారా?

ఇది జరిగి గంట కాలేదు. ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడి బజారు నుంచి ఇంటికొచ్చేదాకా నాలో నేనే మాట్లాడుకుంటూ నడిచాను. "పోనీలేవే, కుర్రాడు, వాడికేం తెలుసు" అంటుంది అత్త. నేను పోనివ్వను. మీ ఇంట్లోనూ ఇలాంటి ట్యూబు ఒకటి సగం నొక్కేసి, మూత పోయి, అద్దం వెనకాల ఉంటుంది. లేచి వెళ్లి చూడండి.

ఇంటికొచ్చి దాని మీద ఉన్న సన్న అక్షరాలు చదివాను. క్లోబెటసాల్, ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్, టెర్బినాఫిన్. ఒక స్టెరాయిడ్, రెండు రకాల సూక్ష్మజీవుల మందులు, ఒక తామర మందు. ఏ జబ్బో తెలియదు కాబట్టి నాలుగూ కలిపేశారు. చర్మానికి రాసే స్టెరాయిడ్లలో క్లోబెటసాల్ చాలా గట్టిది. డాక్టరు చూసి, ఇన్ని రోజులే రాయాలని చెప్పి ఇస్తే చేతుల ఎగ్జిమాకి అది మంచి మందే, నేను కాదనను. చెప్పేవాళ్లు లేకుండా నెలల తరబడి రాస్తే చర్మం ఉల్లిపొరలా పలచబడుతుంది. తామర మీద రాస్తే దురద తగ్గినట్టే ఉంటుంది, తామర మాత్రం పాకుతూనే ఉంటుంది. స్టెరాయిడ్ క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మొద్దని 2018లోనే కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. మమ్మల్ని చీటీ ఎవరడిగారు? ఈ మూడేళ్లలో అత్త ఎన్ని ట్యూబులు ఖాళీ చేసిందో లెక్కే లేదు. రాసినన్నాళ్లూ చేతులు నున్నగా అవుతాయి. అవగానే పనిలోకి పోతుంది. వారం తిరిగేసరికి మళ్లీ పొక్కులు.

ఆ పని ఏమిటని ఒక్కరడిగారా? మందుల షాపు అడగలేదు. సూది వేసే ఆర్ఎంపీ అడగలేదు. అడిగితే ఒక్క ముక్కలో తేలిపోయేది. మా అత్త జీడిపిక్కలు కొడుతుంది.

పెళ్లయి ఆంధ్రాలో పలాస పక్కన కాశీబుగ్గ వెళ్లిన దగ్గర్నుంచీ అదే పని. మావయ్య పోయాక మా ఇంటికొచ్చేసింది గానీ, సీజన్ వస్తే మూటా ముల్లే సర్దుకుని అక్కడ ఆడపడుచు ఇంట్లో ఉండి పనికి పోతుంది. నేనొకసారి వెళ్లి పక్కన కూర్చుని చూశాను. ఉడకబెట్టి ఆరబోసిన పిక్కని కట్టర్‌లో పెట్టి కాలితో తొక్కితే పెంకు రెండు చెక్కలవుతుంది. ఆ పెంకు మధ్యలో నల్లటి జిగురు నూనె ఉంటుంది, అదే జీడి. సూదితో పప్పు గీకి బయటికి తీసేటప్పుడు అది వేళ్లకి పూస్తుంది. ముందు మంట, తర్వాత బొబ్బ, ఆ తర్వాత నలుపు. ఆడవాళ్లంతా పక్కన బూడిద పెట్టుకుంటారు, కొందరు ఆముదం రాసుకుంటారు. బూడిదలో వేళ్లు ముంచడం, గీకడం, మళ్లీ ముంచడం. వందలసార్లు. అత్త చేతి మీద రేఖల్లో నలుపు అలా దిగిపోయింది. ఆధార్ వేలిముద్ర మిషను ఆమె వేలు తీసుకోదు. రేషన్ దగ్గర నాలుగు వేళ్లూ మార్చి మార్చి పెట్టించి, ఆఖరికి వెనక్కి పంపిన రోజులున్నాయి. అదింకో బాధ, అది రాస్తే తెల్లారిపోతుంది.

గ్లవుజులు వేసుకోవచ్చుగా అని మీరంటారు. నేనూ అన్నాను. కూలి రోజుకి కాదు, కిలోకి. గ్లవుజు వేసుకుంటే పిక్క జారుతుంది, పప్పు విరుగుతుంది, విరిగిన పప్పుకి ధర లేదు. పైగా రబ్బరు గట్టిపడడానికి కలిపే రసాయనాలు కూడా కొందరికి పడవు, వాటికీ చేతులు పేలతాయి. ఏ గ్లవుజు వాడాలో, లోపల నూలుది వేసుకోవాలో వద్దో చెప్పాల్సింది పని ఇచ్చేవాళ్లు. పప్పు తూకం వేసేటప్పుడు మాత్రం గ్రాము వదలరు.

పోయిన వేసవిలో మామిడికాయ కొరికితే అత్త పెదాలు వాచి మూతి చుట్టూ పొక్కులు లేచాయి. "వేడి చేసింది, మజ్జిగ తాగు" అన్నారు అందరూ. వేడి కాదు. జీడి, మామిడి, నల్లజీడి, మూడూ ఒకే కుటుంబం చెట్లు. ఒకదాని సొన పడకపోతే రెండోదానికీ ఒళ్లు తిరగబడొచ్చు. మా అమ్మకీ ఇలాగే ఉండేది. మా చిన్నప్పుడు బట్టలుతికే ఆయన ఎవరి బట్టలో తెలియడానికి నల్లజీడి రసంతో గుర్తు పెట్టేవాడు. ఆ గుర్తు జాకెట్టు మెడ దగ్గర ఒరుసుకుని అమ్మ మెడ మీద సరిగ్గా అంత మేరే పొక్కులు లేచేవి. ఏ చదువూ లేని మా నానమ్మ "ఆ జీడి గుర్తు తగిలిందే" అని జాకెట్టు తిప్పి చూసి కనిపెట్టింది. ఎక్కడ లేచాయి, అక్కడ ఏం తగిలింది? వైద్యం అక్కడ మొదలవ్వాలి. నానమ్మకి తెలిసిన ఆ మాట తెల్లకోటు వేసుకున్నవాళ్లకి తెలియదా?

సీజన్ లేని రోజుల్లో అత్త ఊరికే కూర్చోదు, ఒక కల్యాణ మండపంలో కడిగే పని చేస్తుంది. ఫినాయిల్, యాసిడ్, బ్లీచింగ్, ఉత్త చేతులు. ఒకరోజు బాత్రూములో యాసిడ్ పోసి, ఇంకా తెల్లగా రావాలని దాని మీదే బ్లీచింగ్ చల్లింది. ఘాటు పొగ లేచి, కళ్లు మండి, ఊపిరాడక బయటికి పరిగెత్తింది. వారం రోజులు దగ్గు. ఆ పొగ క్లోరిన్. 1915లో యుద్ధంలో సైనికుల మీద వదిలిన గాలి అదే. రెండూ కలపకూడదని డబ్బా మీద ఉంటుందేమో, చదువు రాని మనిషికి నోటితో చెప్పినవాళ్లెవరు? దయచేసి మీ ఇంట్లో పనిచేసే అమ్మాయికి ఇవాళే చెప్పండి, యాసిడ్ మీద బ్లీచింగ్ వేయొద్దని.

ఇక నీరసం సంగతి. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. చేతులంటే కళ్లకి కనిపిస్తాయి కాబట్టి ట్యూబైనా ఇస్తారు. ఆడది నీరసం అంటే నవ్వుతారు. రాత్రంతా దురదకి గోక్కుంటూ కూర్చుంటే నిద్రేది? దురద తగ్గడానికని ఇచ్చే బిళ్ల వేసుకుంటే పగలంతా మత్తు. కీళ్ల నొప్పులకని ఏడాదిగా రోజూ డైక్లోఫెనాక్ మింగుతోంది, అదీ చీటీ లేకుండానే. ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తే సెలైన్ సీసా, అందులోకి ఒక సూది. ఆ రెండు రోజులూ మనిషి లేడిపిల్లలా తిరుగుతుంది, తర్వాత మళ్లీ మంచం. ఆ సూదిలో ఏముందో అడిగితే "బలానికి" అన్నాడు. స్టెరాయిడ్ అయితే? అది పదేపదే ఎక్కించి ఒక్కసారిగా ఆపేస్తే, ఒంట్లో సొంతంగా తయారవ్వాల్సింది తయారవ్వక మనిషి కుప్పకూలిపోవచ్చు. రక్తం తక్కువేమో చూశారా? 2019-21 జాతీయ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి రక్తహీనత ఉందని తేలింది. థైరాయిడ్ తగ్గినా చర్మం పొడిబారుతుంది, ఒళ్లు బరువెక్కుతుంది. దేనికీ ఒక్క చుక్క రక్తం తీసి చూడలేదు.

కిడ్నీలు చెడినా అంతే. దురద, నీరసం. ఆ మాట టైపు చేస్తుంటేనే నా చేతులు వణుకుతున్నాయి.

మా పెద్దమ్మది కవిటి దగ్గర పల్లెటూరు. శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఉద్దానం అది, ఆ పేరు చెప్తే చాలు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఏ ఊరు వెళ్లినా డయాలసిస్‌కి తిరిగే మనిషి కనిపిస్తాడు. నీళ్లన్నారు, ఎండన్నారు, పురుగుమందులన్నారు, నొప్పి బిళ్లలన్నారు. ఎందరొచ్చి పరిశోధించినా ఇదీ కారణం అని ఇప్పటికీ తేలలేదు. పెద్దమ్మకి ఒళ్లంతా దురద. ఒక్క పొక్కు లేదు, ఉత్త దురద. ట్యూబులు రాసింది. కాళ్లలో సత్తువ లేదంటే టానిక్ తాగించారు. పని తప్పించుకోవడానికి నాటకాలని కొడుకే అన్నాడు. రెండేళ్లు. ఆఖరికి వాంతులై, మొహం వాచి, ఆస్పత్రిలో రక్తం తీస్తే, కిడ్నీలు పాడైతే పెరిగే క్రియాటినిన్ 9కి చేరింది. నాలుగు నెలలు డయాలసిస్ చేయించుకుని పోయింది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి 2023 డిసెంబరులో మొదలైంది. ఆవిడ అప్పటికే లేదు.

క్రియాటినిన్ పరీక్షకి ఎంతవుతుందో తెలుసా? ఇవాళ్టి ట్యూబుకి అయినంత. ఉద్దానం పక్కనే కాశీబుగ్గలో ముప్పై ఏళ్లు నీళ్లు తాగి, రోజూ నొప్పి బిళ్ల మింగే మనిషి వచ్చి దురద, నీరసం అంటే ముందు చేయించాల్సిన పరీక్ష అదా, కాదా?

మీరు పెద్దాసుపత్రికి వెళ్లలేదా అంటారు. వెళ్లాం, మొన్న మాఘంలో. డాక్టరు కటకం వైపు అబ్బాయి, మర్యాదస్తుడే, తెలుగు రాదు. అత్త తన బాధంతా చెప్పింది. ఒళ్లు లాగేస్తోందని, కాళ్లు పీకుతున్నాయని, తెల్లారుజామున చేతులు మంటెక్కి నీళ్లలో పెట్టుకుని కూర్చుంటున్నానని. పక్కనున్న అటెండరు ఆ మొత్తాన్నీ ఒడియాలో ఒక్క మాట చేసి చెప్పాడు, "దుర్బల" అని. జీడి అన్న మాట అక్కడిదాకా చేరనే లేదు. నన్ను లోపలికి రానివ్వలేదు, ఒక్కరే అన్నారు. విటమిన్ బిళ్లలు రాసిచ్చారు.

వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. కొండల్లో ఉండే సవరల చదువు వాళ్ల మాటలోనే జరగాలని సవర భాష నేర్చుకున్న మనిషి. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపినప్పుడు ఆ బాధతో ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఇక్కడి తెలుగు ముసలమ్మ తన నొప్పి తన మాటలో చెప్పుకోలేకపోతోంది. ఒడియా మీద నాకే కోపం లేదు, నేనూ ఒడియాలోనే చదువుకున్నాను. ఒక్క దుబాసీని కూర్చోబెట్టలేరా? తెలుగు వాళ్లే కాదు, కొండ దిగి వచ్చే సవర ఆడవాళ్లు కూడా అదే బెంచీ మీద నోరు లేకుండా కూర్చుంటున్నారు. నది దాటితే పాతపట్నం, అక్కడంతా మన మాటే, కానీ మా కార్డు అక్కడ చెల్లదంటారు. అత్త పని చేసేది ఆ రాష్ట్రంలో, రేషను ఈ రాష్ట్రంలో. జబ్బు ఏ రాష్ట్రానిదో తేల్చేలోపు మనిషి ఉంటుందా?

ఇందాక ఒక తెల్ల కాగితం మీద అన్నీ రాశాను. ఏం పని, ఎన్నేళ్లు, చేతులకి ఏమేం తగులుతాయి, ఏ బిళ్లలు, ఎన్ని సూదులు. ఇప్పటిదాకా వాడిన ట్యూబుల్లో దొరికిన మూడూ, ఇవాళ్టిదీ కవర్లో వేశాను, డాక్టరు ముందు పెడతాను. రేపు పొద్దున బస్సుకి శ్రీకాకుళం. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, క్రియాటినిన్, నాలుగూ చేయించందే తిరిగిరాను. అత్త చేతులకి కొబ్బరినూనె రాసుకుంటూ, "అంతా కలిపి ఎన్ని కిలోల పిక్కవుతుందే?" అని అడుగుతోంది. నేనింకా లెక్క చెప్పలేదు.

వీపు మీద చిన్న బిళ్లలు అంటించి, రెండు రోజులకి తీసి ఏది పడదో చూసే పరీక్ష ఉంటుంది, ప్యాచ్ టెస్ట్ అంటారు. శ్రీకాకుళంలో గానీ విశాఖలో గానీ అది చేసే చర్మ డాక్టరు ఎవరికైనా తెలిస్తే ఈ రాత్రికే చెప్పండి. ఆరింటికి బస్సు.